తెలుగు పట్టణాల్లో ‘షాపింగ్ మాల్’: మాట, వ్యాపారం, శ్రమ

‘షాపింగ్ మాల్’ ఇంగ్లీషు నుంచి వచ్చిన మాటే అయినా తెలుగు పట్టణాల్లో దాని అర్థం మారిపోయింది. మూలభాషలో అది అనేకమంది వ్యాపారులు అద్దెకు తీసుకున్న దుకాణాల సముదాయం. విజయనగరంలోనో ఖమ్మంలోనో పెళ్లి బట్టలకని షాపింగ్ మాల్‌కు బయలుదేరిన కుటుంబం వెళ్లేది సాధారణంగా ఒకే యజమాని నడిపే బహుళ అంతస్తుల వస్త్ర దుకాణానికి. సీఎంఆర్, సౌత్ ఇండియా, చెన్నై షాపింగ్ మాల్ వంటి పేర్లు ఈ అర్థాన్ని స్థిరపరిచాయి. వీటిలో చివరిది పేరుకే చెన్నై, సంస్థ తెలుగు నేలదే. పట్టుచీరల విషయంలో తమిళ అంగళ్లకున్న ఖ్యాతి ఆ బోర్డు మీదికి ఎక్కిందనుకోవచ్చు.

ఈ వస్త్ర సంస్థలు ప్రాంతీయుల చేతుల్లోనే ఎదిగాయి. ఇక్కడే పుట్టిన కిరాణా గొలుసు దుకాణాలు అన్నీ అలా నిలవలేదు. హైదరాబాదు త్రినేత్ర సూపర్ మార్కెట్లు 2007లో ఆదిత్య బిర్లా గ్రూపు చేతికి వెళ్లి ‘మోర్’లో కలిశాయి. హెరిటేజ్ ఫుడ్స్ తన చిల్లర విక్రయ విభాగాన్ని ఫ్యూచర్ రిటైల్‌కు అప్పగించడానికి 2016లో ఒప్పందం చేసుకుంది. రత్నదీప్ వంటివి నిలదొక్కుకున్న మాటా నిజమే.

ఈ భేదానికి మూలం సరుకు స్వభావంలో ఉంది. ఒకే కంపెనీ సబ్బు ఏ ఊళ్లో కొన్నా ఒకటే. కొనేవారు చూసేది ధరను. ఎక్కువ మొత్తంలో కొనగలిగిన పెద్ద సంస్థకే అక్కడ మొగ్గు. వస్త్ర వ్యాపారం పంచాంగాన్ని అనుసరిస్తుంది. ముహూర్తాలు లేని ఆషాఢంలో తగ్గింపు ధరల బోర్డులు వెలుస్తాయి. శ్రావణం రాగానే వరలక్ష్మీ వ్రతం, పెళ్లిళ్లు గిరాకీని తెస్తాయి. పెళ్లికూతురి పట్టుచీర వేరు, బంధువులకిచ్చే పెట్టుబడి చీరలు వేరు. ఆడపడుచుకు ఏ ధరలో తీస్తే మాట రాదో తెలిసినవారే అక్కడ చీర అమ్మగలరు. ఈ జ్ఞానం దూరాన ఉన్న ప్రధాన కార్యాలయానికి సులువుగా అందదు.

అది ఉండేది కౌంటరు వెనుక నిలబడిన అమ్మాయి దగ్గర. ఇరవై చీరలు విప్పి చూపి, ఒక్కటీ అమ్ముడుపోకపోయినా నవ్వుతూ మడతపెట్టేది ఆమే. సంస్థ ప్రాంతీయబలం అని చెప్పుకునేదాంట్లో పెద్ద పాలు ఈమె మాట నేర్పుదే. ఈ వ్యాపారంపై వచ్చిన రచనలు అంతస్తులను లెక్కించినంత శ్రద్ధగా ఈమె పనిగంటలను లెక్కించవు. చెన్నై రంగనాథన్ వీధి బట్టల దుకాణ ఉద్యోగుల జీవితాన్ని చిత్రించిన తమిళ సినిమా ‘అంగాడి తెరు’ (2010) పేరుకు ‘బజారు వీధి’ అని అర్థం. తెలుగులోకి అనువదించినప్పుడు దానికి ‘షాపింగ్ మాల్’ అని పేరు పెట్టారు. ఆ పని ఏ చోట జరుగుతుందో తెలుగు ప్రేక్షకులకు ఆ ఒక్క మాటతో అర్థమైంది.

దుకాణాల్లో పనిచేసే స్త్రీలు కూర్చునే హక్కు కోసం కేరళలో ఆందోళన సాగించగా, 2018లో అక్కడి చట్టాన్ని సవరించారు. 2021లో తమిళనాడు కూడా అదే దారి పట్టింది. పని మధ్య వీలు చిక్కినప్పుడు కూర్చోవడానికి ప్రతి ఉద్యోగికీ ఆసనం ఏర్పాటు చేయడం అక్కడ యజమాని బాధ్యత.