నేపాల్ విద్యార్థుల ఇనుప ద్వారం

హిమాలయ సానువులలోని నేపాల్‌లో పదవ తరగతి చివరి పరీక్షను ప్రజలు చాలాకాలం ‘ఇనుప ద్వారం’ అని పిలిచారు. 1934లో మొదలైన ఆ ఎస్.ఎల్.సి. పరీక్ష తప్పినవారికి ఉన్నత విద్య, మంచి ఉద్యోగం అందనివయ్యేవి. 2016లో ఉత్తీర్ణతకు బదులు గ్రేడ్ల పద్ధతి వచ్చింది. 2017 నుండి పరీక్ష పేరు ఎస్.ఇ.ఇ.గా మారింది.

కొండ గ్రామాల పిల్లలకు ఆ ద్వారం వరకు చేరడమే కష్టం. నిటారు దారులలో నడిచి బడికి వెళ్లాలి. ఇంటికి వచ్చాక పశువులకు మేత, పొయ్యికి వంటచెరకు తేవాలి. ఎన్నో కుటుంబాలలో తండ్రియో, అన్నయో కతార్, సౌదీ అరేబియా, మలేషియా వంటి దేశాలలో శ్రమిస్తుంటారు. ప్రవాసులు పంపే ధనం దేశ స్థూలోత్పత్తిలో సుమారు నాలుగవ వంతుకు సమానం. ప్రైవేటు బడి రుసుము, పట్టణంలో బస ఖర్చు చాలామందికి ఆ ధనంతోనే సమకూరుతాయి. బిడ్డ చదువు కోసం తండ్రి బిడ్డకే దూరమవుతున్నాడు.

2015 నాటి రాజ్యాంగం మాధ్యమిక విద్యను ఉచిత హక్కుగా ప్రకటించింది. అయినా చదివినవారందరికీ స్వదేశంలో పని దొరకడం లేదు. 2025 సెప్టెంబరులో అవినీతిని, సామాజిక మాధ్యమాల నిషేధాన్ని నిరసిస్తూ ఖాట్మండు వీధులలోకి వచ్చిన యువతలో బడి దుస్తులు ధరించిన విద్యార్థులూ ఉన్నారు. పరదేశ ప్రయాణం ఈ తరానికి ఇష్టపడి ఎంచుకొనే దారి కావాలి. గత్యంతరం లేక పట్టే దారిగా మిగిలిపోరాదు.