మీకు తెలుసా? రైలు మన కంటిని మోసం చేస్తుంది

పెద్ద వస్తువు ఎంత వేగంగా వస్తున్నా కంటికి నెమ్మదిగా వస్తున్నట్టే కనిపిస్తుంది. పట్టాలు దాటేవారి అంచనా తప్పేది ఎక్కువగా ఇక్కడే. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే రైలు సెకనుకు దాదాపు 28 మీటర్లు ముందుకొస్తుంది. 200 మీటర్ల దూరంలో ఉందిలే అనుకుంటే ఏడు సెకన్లలో మీదికొస్తుంది. లోకో పైలట్ ఆపడా అంటారు కొందరు. అత్యవసర బ్రేకు వేసినా రైలు వందల మీటర్లు సాగాకే ఆగుతుంది, పక్కకు తిప్పడానికి స్టీరింగూ లేదాయె! ముంబై వడాలా దగ్గర పట్టాల కింది స్లీపర్లకు పసుపు రంగు వేసి చూసింది ఈ కంటి మోసాన్ని తగ్గించడానికే: ఆ చారలు ఒక్కొక్కటిగా రైలు కింద మాయమవుతుంటే దాని వేగం కంటికి అందుతుందని.

పట్టాలు దాటుతూ ప్రాణాలు పోవడానికి కారణం మనుషుల నిర్లక్ష్యమే అని తేల్చేయడం సులువు. పట్టాలపై అక్రమంగా నడిస్తే రైల్వే చట్టం (1989) సెక్షన్ 147 కింద ఆరు నెలల వరకు జైలు, 1,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఆ చట్టం ఉండగానే ఏటా సుమారు 15,000 మంది, ఒక్క ముంబై సబర్బన్ లైన్లలోనే 6,000 మంది ఇలా చనిపోతున్నారని రైల్వే భద్రతను సమీక్షించిన కాకోద్కర్ కమిటీ 2012లో లెక్క చెప్పింది. అంటే శిక్ష భయం ఒక్కటే చాలడం లేదు. వంతెన లేకే దాటుతున్నామనే మాటలో నిజముంది. కంచెలు, కాలివంతెనల కొరతను ఆ కమిటీ కూడా ఎత్తిచూపింది. వంతెన ఉన్నా మెట్లెక్కడానికి బద్ధకించేవాళ్లు లేకపోలేదు, వాళ్లకు మాత్రం జరిమానా సబబే.