‘దొర, జీతగాడు అన్నట్టా?’

2020 లాక్‌డౌన్‌లో ఊళ్లో ఉండి ఆఫీసు పని చేస్తున్నా. ఒకరోజు ఫోన్‌ మీటింగ్‌లో నేను మాటిమాటికీ ‘మాస్టర్‌’, ‘స్లేవ్‌’ అంటుంటే అమ్మ విన్నది.

‘‘ఏంది బిడ్డా అది?’’

‘‘ఏం లేదమ్మా. ఒక మిషన్‌ చెప్తది, ఇంకోటి చేస్తది.’’

‘‘అంటే దొర, జీతగాడు అన్నట్టా?’’

ఏం చెప్పాలో తోచలేదు. మా తాత దొర దగ్గర జీతం ఉన్నవాడే. పదేళ్లుగా రోజూ టైప్‌ చేస్తున్న మాట అప్పుడు మొదటిసారి వినపడింది నాకు.

ఆ వేసవిలోనే లైనక్స్‌ వాళ్లూ ఈ మాటల మీదే చర్చించుకున్నారు. మన ఆండ్రాయిడ్‌ ఫోన్ల అడుగున నడిచేది లైనక్సే. దాని కోడ్‌ను ఎవరైనా చదవొచ్చు, మార్చొచ్చు. వేలమంది చెయ్యి పడుతుంది కాబట్టి కోడ్‌ ఎలా రాయాలో చెప్పే నియమాలున్నాయి. మేలో అమెరికాలో జార్జ్‌ ఫ్లాయిడ్‌ హత్య తర్వాత వాటిని మార్చాలన్న ప్రతిపాదన వచ్చింది. జులైలో లైనస్‌ టోర్వాల్డ్స్‌ ఆమోదించారు. కొత్త కోడ్‌లో ‘మాస్టర్‌/స్లేవ్‌’ వద్దు, ‘ప్రైమరీ/సెకండరీ’, ‘లీడర్‌/ఫాలోవర్‌’ లాంటివి వాడండి అన్నారు. ‘బ్లాక్‌లిస్ట్‌/వైట్‌లిస్ట్‌’కు బదులు ‘డినైలిస్ట్‌/అలౌలిస్ట్‌’ లాంటివి సూచించారు. జాంగో 2014లో, పైథాన్‌ 2018లో ఇలాంటి మార్పులే చేశాయి.

మా ప్రాజెక్టులోనూ మార్చుదామన్నాను. ‘‘పేరు మారిస్తే బతుకులు మారతాయా?’’ అన్నాడొక మిత్రుడు. మారవు. కానీ ఇంకో సంగతి ఉంది. మా డేటాబేస్‌లో ‘స్లేవ్‌’ చేసే పనల్లా అసలుదాన్ని చూసి కాపీ చేసుకోవడం. ఆ పేరులో ఆ పని కనపడదు. ‘రెప్లికా’ అంటే కొత్తగా చేరిన పిల్లలకు కూడా వెంటనే తెలుస్తుంది.

‘‘పాత ప్రోగ్రాములు ఆగిపోతే?’’ అన్నది అసలైన భయం. లైనక్స్‌ నియమమే దారి చూపింది. బయటి ప్రోగ్రాములు ఆధారపడ్డ పేర్లు, అప్పటికే ఉన్న హార్డ్‌వేర్‌ ప్రమాణాలు తప్పనిసరి చేసిన పేర్లు అలాగే ఉండొచ్చు. మేమూ రెండు పాత పేర్లు కదపలేదు. ఎందుకు వదిలేశామో పక్కనే రాసిపెట్టాం.

మొన్న అమ్మ మళ్లీ అడిగింది, ‘‘ఇప్పుడేమంటున్నరు?’’ అని.

‘‘ఒకటి అసలుది, ఇంకోటి దాని కాపీ.’’

‘‘గట్ల చెప్తే నాకూ తెలుస్తది గద!’’ అంది.