గంజాయి మానితే మిలిటరీలో చేరవచ్చా?

హైదరాబాద్ పాతబస్తీ. లాల్‌దర్వాజ, గౌలిపుర, శాలిబండ. ఎటు చూసినా ఇరుకు గల్లీలే. పరుగెత్తడానికి చోటు ఉండదు. అందుకే కొందరు కుర్రాళ్ళు తెల్లవారకముందే లేస్తారు. కులీ కుతుబ్‌షా స్టేడియం వైపు పోతారు. పరుగులు తీస్తారు. దండీలు తీస్తారు. కొందరికి పోలీసు కొలువు కావాలి. కొందరికి మిలిటరీ కొలువు కావాలి.

మిలిటరీ వారికి దూరం కాదు. గోల్కొండ దగ్గర ఆర్టిలరీ సెంటర్ ఉంది. ఫిరంగులు పేల్చే సిపాయిలు అక్కడే తయారవుతారు. ఆ దారిన పోయే లారీల్లో జవాన్లను చూసి ఎందరో పిల్లలు "మేమూ పోతం" అనుకుంటారు.

ఒక ఇంటి సంగతి చూద్దాం. ఇలాంటి ఇల్లు ఏ గల్లీలోనైనా ఉండవచ్చు. తల్లి జాకెట్లు కుడుతుంది. పెద్దయ్యాక రాత్రి బడిలో చదువు నేర్చుకుంది. కొడుకుకు 18 ఏళ్ళు. పదో తరగతి పాసయ్యాడు. దోస్తులతో తిరిగి గంజాయి అలవాటు చేసుకున్నాడు. ఏడెనిమిది నెలలు తాగాడు. ఒకరోజు స్టేడియంలో రెండు చుట్లు తిరిగేసరికి దగ్గు తెరలు వచ్చాయి. కూలబడ్డాడు. ఆనాటి నుంచి మానేశాడు. మూడు నెలలైంది.

ఇప్పుడు వాడికి ఒక్కటే భయం. "గంజాయి తాగినోణ్ణి మిలిటరీల తీసుకుంటరా?"

ఒక దోస్తు అన్నాడు: "రక్తంల ఉంటది. జిందగీల పోదు. నీకు రాదు."

ఇంకొకడు అన్నాడు: "ఎవలకు తెలుస్తది? అడిగితే లేదని రాసెయ్."

మూడోవాడు బ్రోకరు. "పైసలు ఇయ్యి తమ్మీ. డాక్టర్‌తోని నేను మాట్లాడుత" అన్నాడు.

తల్లి అంతా విన్నది. "ముగ్గురు మూడు తీర్ల చెప్తున్నరు. ఏది నిజమో మనమే తెలుసుకోవాలె బిడ్డా" అన్నది.

ఆమె మాట సరైనది. ఈ ముగ్గురి మాటల్లో ఒక్కటీ నిజం కాదు. ఎందుకు కాదో చూద్దాం.

చట్టం ఏమంటుంది?

మన దేశంలో మత్తుమందుల చట్టం 1985లో వచ్చింది. గంజాయి అమ్మడం నేరం. దగ్గర ఉంచుకోవడం నేరం. తాగడం కూడా నేరమే.

గంజాయి తాగినందుకు 6 నెలల దాకా జైలు పడవచ్చు. లేదా 10 వేల రూపాయల దాకా జరిమానా పడవచ్చు. రెండూ పడవచ్చు. కిలో వరకు దగ్గర దొరికితే ఏడాది దాకా జైలు ఉంటుంది. 20 కిలోలు దాటితే తక్కువలో తక్కువ 10 ఏళ్ళు. 20 ఏళ్ళ దాకా కూడా పడవచ్చు. "నాది కాదు, దోస్తు సంచి" అంటే పోలీసులు ఊరికే వదిలిపెట్టరు. సంచి మోసినవాడు కూడా కేసులో ఇరుక్కుంటాడు.

గంజాయి ఎక్కువగా ఆంధ్ర, ఒడిశా సరిహద్దు కొండల నుంచి వస్తుంది. పాతబస్తీ దాకా చేతులు మారుతూ చేరుతుంది. ఒకప్పుడు గుడుంబాకు పేరుపడ్డ ధూల్‌పేటలో 2024లో ఎక్సైజు వాళ్ళు గంజాయి మీద వరుసగా దాడులు చేశారు. దానికి "ఆపరేషన్ ధూల్‌పేట" అని పేరు పెట్టారు. అదే ధూల్‌పేటలో వినాయకుని విగ్రహాలు, పతంగులు చేసి కష్టపడి బతికే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. కొందరు చేసిన పనికి బస్తీ అంతటికీ చెడ్డపేరు వస్తుంది.

ఒంట్లో ఎన్నాళ్ళు ఉంటుంది?

గంజాయిలోని మత్తు ఒంట్లోని కొవ్వులో చేరుతుంది. కొద్దికొద్దిగా మూత్రంలో బయటికి పోతుంది. ఎప్పుడో ఒకసారి తాగినవారి మూత్రంలో మూడు నాలుగు రోజులు కనబడవచ్చు. రోజూ తాగేవారి మూత్రంలో నెల రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కాలం కనబడుతుంది. అయితే మానేసినవారి ఒంట్లో జీవితాంతం ఉండదు. కాబట్టి మొదటి దోస్తు మాట తప్పు.

నిమ్మరసం తాగితే పోతుంది, వెనిగర్ తాగితే పోతుంది అని కొందరు చెబుతారు. వాటిని నమ్మవద్దు. మానడం ఒక్కటే మందు.

గంజాయి ఊపిరితిత్తులను పాడు చేస్తుంది. జ్ఞాపకశక్తి తగ్గిస్తుంది. చిన్న వయసులో ఎక్కువగా తాగినవారిలో కొందరికి మతి చలిస్తుంది. ఎవరో తరుముతున్నట్లు, ఎవరో పిలుస్తున్నట్లు అనిపిస్తుంది. చేతిలో తుపాకి పట్టే మనిషికి ఇలా ఐతే ఎంత ప్రమాదం! అందుకే మిలిటరీ వారు ఈ విషయంలో గట్టిగా ఉంటారు.

ఎంపిక ఎలా జరుగుతుంది?

2022 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం అగ్నిపథ్ పథకం ప్రకటించింది. ఇందులో చేరినవారిని అగ్నివీరులు అంటారు. వారి కొలువు 4 ఏళ్ళు. ఆ తరువాత 25 శాతం మందిదాకా మిలిటరీలో కొనసాగిస్తారు. మిగిలినవారు సేవా నిధి డబ్బు తీసుకుని బయటికి వస్తారు.

సైన్యంలో జనరల్ డ్యూటీ అగ్నివీరుకు పదో తరగతి చదువు కావాలి. మొత్తం మీద 45 శాతం మార్కులు రావాలి. ప్రతి సబ్జెక్టులో 33 శాతం రావాలి. వయసు ఏ తేదీల మధ్య ఉండాలో ఆ ఏటి నోటిఫికేషన్‌లో చూసుకోవాలి.

మొదట కంప్యూటర్ మీద రాతపరీక్ష. తరువాత ర్యాలీ. అక్కడ 1.6 కిలోమీటర్ల పరుగు ఉంటుంది. కడ్డీ పట్టుకుని పైకి లేవాలి. 9 అడుగుల గుంత దూకాలి. ఆ తరువాత మిలిటరీ డాక్టర్లు ఒళ్ళంతా చూస్తారు. పరీక్షలు చేయిస్తారు. వైమానిక దళంలోనైతే మత్తుమందుల పరీక్ష ఉంటుందని నోటిఫికేషన్‌లోనే రాస్తారు.

చివరికి కాగితాలు చూస్తారు. నడవడి సర్టిఫికెట్ అడుగుతారు. పోలీసుల విచారణ కూడా ఉంటుంది.

ముగ్గురికి మూడు తీర్లు

గంజాయి తాగిన కుర్రాళ్ళందరి సంగతి ఒకటి కాదు. మూడు తీర్లుగా చూడాలి.

మొదటివాడు ఇంకా తాగుతున్నాడు. వాడికి మిలిటరీలో చోటు లేదు. పరీక్షలో దొరికితే కొలువు రాదు. చేరాక దొరికితే సైనిక చట్టం ప్రకారం శిక్ష ఉంటుంది.

రెండోవాడు ఒకప్పుడు తాగాడు. పూర్తిగా మానేశాడు. పోలీసు కేసు లేదు. ఒకప్పుడు తాగినందుకు జీవితాంతం కొలువుకు పనికిరాడని మత్తుమందుల చట్టంలో లేదు. సైనిక చట్టంలోనూ లేదు. వాడు పరుగెత్తవచ్చు, పరీక్ష రాయవచ్చు. డాక్టర్లు వాడి ఒంటిని, మనసును చూస్తారు. ఆఖరి మాట వారిదే. డాక్టరు అడిగితే నిజం చెప్పాలి.

మూడోవాడి మీద గంజాయి కేసు ఉంది. వాడి దారి కష్టం. కేసు నడుస్తుంటే ముందు ఆ కేసు తేలాలి. శిక్ష పడితే కొలువు దాదాపు పోయినట్లే. కేసు కొట్టేసినా, అధికారులు ఆలోచించి నిర్ణయం తీసుకుంటారు.

మన ఇంట్లోని కుర్రాడు రెండోవాడు.

అబద్ధం రాస్తే?

"అరెస్టు అయ్యారా? కేసు ఉందా? శిక్ష పడిందా?" సర్కారు కొలువులో చేరేటప్పుడు ఇలాంటి ప్రశ్నలు అడుగుతారు. కేసు ఉండి లేదని రాస్తే ఏమవుతుంది?

1950 సైనిక చట్టంలో 44వ సెక్షన్ ఉంది. చేరేటప్పుడు కావాలని అబద్ధపు జవాబు ఇచ్చినట్లు తేలితే 5 ఏళ్ళ దాకా జైలు వేయవచ్చు. చేరి రెండేళ్ళైనా, మూడేళ్ళైనా బయటపడితే ఇదే గతి.

2016లో సుప్రీంకోర్టు అవతార్ సింగ్ కేసులో ఒక తీర్పు ఇచ్చింది. కొలువులో చేరేవారు కేసుల సంగతి నిజంగా చెప్పాలి అన్నది. నిజం చెప్పినా, కొలువు ఇవ్వాలా వద్దా అని అధికారులు ఆలోచించవచ్చు. చిన్న కేసైతే క్షమించవచ్చు కూడా. కానీ పెద్ద విషయం దాచితే కొలువు తీసేయవచ్చు.

అంటే ఏమిటి? తప్పు చేసినవాడికి ఒక్కోసారి దారి ఉంటుంది. తప్పు దాచినవాడికి ఆ దారి కూడా మూసుకుపోతుంది. రెండో దోస్తు మాట ఇందుకే తప్పు.

ఒక్క రోజులో పోయిన కొలువు

2022 జూన్ 17న సికింద్రాబాద్ రైల్వే స్టేషన్లో ఏం జరిగిందో చాలామందికి గుర్తుంటుంది. అగ్నిపథ్ వద్దని కుర్రాళ్ళు గుమిగూడారు. రైలు పెట్టెలు కాలాయి. పోలీసు కాల్పుల్లో ఒక యువకుడు చనిపోయాడు. వారిలో ఎందరో మిలిటరీ కోసం ఏళ్ళ తరబడి పరుగెత్తినవారే.

రెండు రోజుల తరువాత సైన్యం అధికారులు ఒక మాట చెప్పారు. ప్రతివాడూ తాను ఆ గొడవల్లో లేనని రాసి ఇవ్వాలి. పోలీసులు విచారిస్తారు. పేరు కేసులో ఉంటే తీసుకోరు. గంజాయి కేసుకు కూడా ఇదే పాఠం. కాలికి ఎంత బలమున్నా, కాగితం మీద పేరు చెడితే పరుగు వృథా.

18 ఏళ్ళు నిండకముందు కేసు అయితే?

18 ఏళ్ళలోపు పిల్లలకు వేరే చట్టం ఉంది. 2015 నాటి ఆ చట్టం ప్రకారం, చిన్నతనంలో చేసిన తప్పు పెద్దయ్యాక కొలువుకు అడ్డు కారాదు. చాలా పెద్ద నేరాలకు మాత్రం మినహాయింపు ఉంది. ఇలాంటి కేసు ఉన్నవారు ఫారం నింపే ముందు వకీలును అడగాలి. వకీలుకు పైసలు లేనివారు 15100కు ఫోన్ చేయవచ్చు. అది ఉచిత న్యాయ సహాయం నంబరు.

బయటి దేశాల మాట

"అమెరికాల గంజాయి తాగినోళ్ళను కూడా మిలిటరీల తీసుకుంటరంట" అని కొందరు అంటారు. అందులో కొంత నిజముంది. అక్కడ చేరేవారిని గతంలో తాగావా అని అడుగుతారు. నిజం చెప్పినవారికి ఒక్కోసారి మినహాయింపు ఇస్తారు. కానీ అది ఆ దేశం రూలు. ఇక్కడ చెల్లదు. ఒక్క సంగతి మాత్రం రెండు చోట్లా ఒకటే. అబద్ధం చెబితే ఎక్కడా విడిచిపెట్టరు.

బ్రోకర్ల మాట

మిలిటరీ ఎంపికలో ఎవరికీ లంచం ఇవ్వనక్కరలేదు. పాస్ చేయిస్తానన్నవాడు మోసగాడు. కుర్రాడు సొంతంగా పాసైతే "నేనే చేయించిన" అంటాడు. ఫెయిలైతే ఫోన్ ఎత్తడు. మూడోవాడి మాట కూడా ఇంతే.

మానలేకపోతే?

కొందరికి ఊరికే మానడం రాదు. నిద్ర పట్టదు. కోపం వస్తుంది. ఆకలి వేయదు. మళ్ళీ తాగాలనిపిస్తుంది. ఇది సిగ్గుపడే సంగతి కాదు. దీనికి చికిత్స ఉంది. ఎర్రగడ్డ మానసిక వైద్యశాల సర్కారు ఆసుపత్రి. అక్కడికి పోవచ్చు. 14446 నంబరుకు ఫోన్ చేసి మాట్లాడవచ్చు. డబ్బు కట్టనక్కరలేదు.

చట్టంలో ఒక మంచి మాట కూడా ఉంది. మత్తుకు బానిసైన మనిషి మీద తాగిన కేసో, కొద్దిపాటి సరుకు దొరికిన కేసో ఉందనుకుందాం. తనంత తానుగా సర్కారు ఆసుపత్రిలో చికిత్సకు పోతే ఆ కేసు నుంచి మినహాయింపు దొరకవచ్చు. చికిత్స మధ్యలో మానేస్తే ఆ మినహాయింపు పోతుంది.

ఇంట్లోవాళ్ళు ఏం చేయాలి? కొట్టవద్దు. నలుగురిలో తిట్టవద్దు. పాత దోస్తుల నుంచి దూరం చేయాలి. పొద్దున పరుగుకు లేపాలి.

ఆ తల్లి అదే చేసింది. ఫారం ఇంగ్లీషులో ఉంది. "నువ్వు చదువు. ఒక్కొక్క ప్రశ్న తెలుగుల చెప్పు" అన్నది. కొడుకు చెప్పాడు. కేసు ఉందా అనే ప్రశ్న వచ్చింది. "లేదు" అన్నాడు. అది నిజమే. ఇద్దరూ ఊపిరి పీల్చుకున్నారు.

"డాక్టరు అడిగితే?" అన్నాడు కొడుకు.

"తాగిన, మానేసిన అని చెప్పు. వస్తే నీ కొలువు. రాకపోతే నీ ఒళ్ళన్న నీకు మిగిలింది" అన్నది తల్లి.

మర్నాడు అయిదు గంటలకు ఆమే లేపింది. కొడుకు స్టేడియానికి పోయాడు. ఆరోజు నాలుగు చుట్లు తిరిగాడు. దగ్గు రాలేదు.

చర్చించుకోండి

1. గంజాయి మూత్రంలో ఎన్ని రోజులు కనబడుతుంది?
2. తప్పు చేయడం, తప్పు దాచడం. కొలువుకు ఏది ఎక్కువ చేటు? ఎందుకు?
3. మీ బస్తీలో పిల్లలు ఆడుకోవడానికి, పరుగెత్తడానికి చోటు ఉందా? లేకపోతే ఎవరిని అడగాలి?
4. 14446, 15100 నంబర్లు దేనికి? గోడ మీద రాసిపెట్టండి.