ఊరి సంచి వస్తేనే వంట!

* గ్రాంట్ రోడ్ చాళ్లలో ఏడాది సరుకు ఊరి నుంచే
* ఒకరు పోతే నాలుగిళ్లకు కారం, పసుపు, తొక్కు
* పాత భవనాలతో పాటే చెదురుతున్న ఇరుగుపొరుగు

గ్రాంట్ రోడ్ స్టేషన్ దిగితే పక్కనే భాజీ గల్లీ. ఆకుకూరల నుంచి అల్లం దాకా అన్నీ అక్కడ దొరుకుతాయి. దక్షిణానికి పోతే క్రాఫర్డ్ మార్కెట్. మసీదు బందరు వైపు మసాలా దినుసుల టోకు దుకాణాలు. దేశం నలుమూలల సరుకూ వచ్చిపడే మహానగరం ముంబయి. అయినా కామాఠిపుర గల్లీల్లోని తెలుగు ఇళ్లల్లో ఒక పట్టింపు ఉంది. పూటకు కావాల్సిన కూరగాయ గల్లీలో కొంటారు. ఏడాదికి కావాల్సిన కారం, పసుపు, చింతపండు, మామిడికాయ తొక్కు మాత్రం ఊరి నుంచే రావాలంటారు. అందుకోసం ఒక రాత్రి ప్రయాణం చేసి, రెండు చేతులా సంచులు మోసుకొస్తారు.

ఇదేం చాదస్తం, ముంబయిలో కారం దొరకదా అని కొత్తవారికి అనిపించవచ్చు. దొరుకుతుంది. కానీ అది ఆ కారం కాదు. పైగా ఈ సంచి ఒక్క ఇంటి కోసం వచ్చేది కాదు.

పేరులోనే పల్లె

బొంబాయి దీవుల మధ్య పల్లపు నేలలను పూడ్చి, 18వ శతాబ్దం చివర నగరాన్ని విస్తరించడం మొదలుపెట్టారు. రోడ్లు, భవనాలు కట్టే పనులకు నిజాం రాజ్యంలోని తెలుగు పల్లెల నుంచి కూలీలు తరలివచ్చారు. స్థానికులు వారిని కామాఠీలని పిలిచారు. వారు గుడిసెలు వేసుకున్న చోటు కామాఠిపుర అయింది. పక్కనున్న గ్రాంట్ రోడ్డుకు మాత్రం 1835 నుంచి 1838 దాకా బొంబాయి గవర్నరుగా ఉన్న రాబర్ట్ గ్రాంట్ పేరు పెట్టారు. గవర్నరు పేరున రోడ్డు, కూలీల పేరున పేట... రెండూ నేటికీ నిలిచాయి. బయటివారికి కామాఠిపుర అనగానే గుర్తొచ్చేది వేరు. ఆ పేట పేరు వెనుక ఉన్నది మాత్రం మన పల్లెల కూలీల చెమటే.

కట్టుబడి కూలీల తర్వాత మగ్గం తెలిసినవారు వచ్చారు. వర్లీ, ప్రభాదేవి, లోయర్ పరేల్ మిల్లుల చుట్టూ ఉన్న చాళ్లలో స్థిరపడ్డారు. 1982 జనవరి 18న మొదలైన మిల్లు కార్మికుల సమ్మె తర్వాత మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. కొందరు భీవండి మరమగ్గాలకు మళ్లారు. కొందరు ఊరిదారి పట్టారు. ఇన్ని మారినా ఊరి సంచి రాక మాత్రం ఆగలేదు.

పేరు మారితే చాలు.. కూర అదే

భాజీ గల్లీలో తెలుగువారు అడగాల్సిన పేర్లు వేరు. మన పుంటికూరను ఇక్కడ అంబాడీ అంటారు. చుక్కకూర ఆంబట్ చుకా, తోటకూర మాఠ్, బచ్చలి మయాళూ, గంగవాయిలి కూర ఘోళ్. గోరుచిక్కుడును గవార్ అనాలి. సొరకాయ దుధీ, పొట్లకాయ పడ్వళ్, దొండకాయ తోండ్లీ, మునక్కాయ శేవగా. వాము ఓవా, అవిసెలు జవస్, వలిసెలు కారళే. కొత్తగా కాపురానికి వచ్చిన కోడలికి అత్త మొదట నేర్పాల్సిన మరాఠీ ఇదే. ఈ నాలుగు మాటలు వస్తే కూరకు లోటుండదు.

అరిటాకులు, కరివేపాకు, దక్షిణాది పూజా సామగ్రి కావాలంటే మాటుంగా ఉంది. గ్రాంట్ రోడ్‌లో స్లో లోకల్ ఎక్కి, దాదర్ దాటాక మాటుంగా రోడ్‌లో దిగి, తూర్పు వైపు వంతెన దాటాలి. అయితే అక్కడి దుకాణాలు ఎక్కువగా తమిళ, కేరళ, కన్నడ ఇళ్ల అవసరాలకు తగ్గట్టు పెరిగినవి. సాంబారు పొడి, కాఫీ గింజలు, కొబ్బరినూనె అక్కడ మేలు రకం దొరుకుతాయి. సర్వపిండికి, పచ్చిపులుసుకు, మక్క గట్కకు కావాల్సినవి అక్కడ వెతికితే కాళ్లనొప్పులే మిగులుతాయి.

మిరపకాయలకు లాల్‌బాగ్ పేరున్న చోటు. వానలు పడకముందే ముంబయి ఆడవాళ్లు అక్కడికి పోయి బేడగి, శంకేశ్వరి, కాశ్మీరీ మిరపకాయలు కొని, వేయించి, డంక్‌లో దంచించుకుంటారు. కానీ వారు చేయించుకునేది మసాలా. అందులో ధనియాలు, లవంగాలు, దాల్చినచెక్క కలుస్తాయి. మనవాళ్లకు కావాల్సింది ఉట్టి కారం. తొక్కులో కలిపినా, పప్పులో వేసినా మిరపకాయ రుచి ఒక్కటే తగలాలి. ఎల్లిపాయ కలిపితే అది ఎల్లిపాయ కారం. దాని లెక్క వేరు.

ఏ నేల సరుకు ఆ నేలదే

పులుపు సంగతి చూద్దాం. కొంకణ తీరంలో కూరకు, చారుకు కోకం వేస్తారు. మనకు చింతపండు లేనిదే పచ్చిపులుసు లేదు. మార్కెట్లో చింతపండు దొరికినా, ఇంటి చెట్టుది దులిపి, గింజ తీసి, ఉప్పు చల్లి ముద్ద కట్టినదానికే మొగ్గు. జొన్నల్లోనూ తేడా ఉంది. మహారాష్ట్రలో తెల్లజొన్న ఎక్కువ. షోలాపూర్ వైపు మాల్‌దండి రకానికి మంచి పేరు. ఆదిలాబాద్, పాలమూరు పల్లెల్లో పచ్చజొన్న రొట్టె తిని పెరిగినవారికి తెల్ల రొట్టె చప్పగా తోస్తుంది.

పసుపుకు సాంగ్లీ పెట్టింది పేరు. 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మన వైపు నిజామాబాద్ యార్డు ఉంది. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డును అక్కడే ప్రారంభించారు. తాండూరు కందికి 2022లో, రంగుకు పేరున్న వరంగల్ చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు దక్కింది. చాళ్లలోని పెద్దలు ఏ గుర్తింపు పత్రమూ చూడకుండానే తరాలుగా వీటిని సంచుల్లో మోశారు.

సరుకు ఒకే దిక్కున నడవలేదు. తెలంగాణలో సన్నబియ్యం అనగానే చాలామంది నోట వచ్చే హెచ్‌ఎంటీ రకం పుట్టింది మహారాష్ట్రలోనే. చంద్రపూర్ జిల్లా నాగ్‌భీడ్ తాలూకాకు చెందిన చిన్న రైతు దాదాజీ ఖోబ్రగడే 1980లలో తన మడిలో వేరుగా కనిపించిన వెన్నులను ఏరి, ఏళ్ల తరబడి విత్తి ఆ రకాన్ని నిలబెట్టారు. అప్పట్లో పేరున్న గడియారం పేరే దానికి పెట్టారు. ఆయన 2018లో కన్నుమూశారు. సరిహద్దులోని ధర్మాబాద్ మిర్చి బజారుకు ఇటు రైతులూ పోతారు. అటువారు బాసర, నిజామాబాద్ వచ్చి కావాల్సినవి కొంటారు. గ్రాంట్ రోడ్ సంచి అదే రాకపోకలో కాస్త పొడుగు దారి పట్టిందంతే.

ఎండాకాలమే పెద్ద బజారు

ఊరి సరుకుకు అసలు కాలం ఏప్రిల్, మే నెలలు. బడులకు సెలవులు. పెళ్లిళ్లు అప్పుడే. కొత్త మిరపకాయలు, పసుపు, చింతపండు అప్పటికి చేతికొస్తాయి. తొక్కు మామిడికాయలూ అప్పుడే దిగుతాయి. సరుకు కోసమే ఎవరూ రైలెక్కరు. పెళ్లికో, జాతరకో, అమ్మానాన్నలను చూడటానికో పోతారు. తిరిగివచ్చేటప్పుడు సంచి నిండుతుంది. మిరపకాయలు తొడిమలు తీసి ఎండబెట్టి గిర్నీకి పంపడం, కాయలు కొట్టి తొక్కు కలపడం... ఊళ్లో ఉన్న పది రోజుల్లో సగం దీనికే పోతుంది. జూన్‌లో బడి తెరిచేలోపు, వానలు పట్టుకునేలోపు సరుకు ముంబయి చేరాలి. ముంబయి వానాకాలపు తేమలో కారం ఎండేది లేదు, తొక్కు నిలిచేది లేదు.

నిజామాబాద్ వైపు వారికి చాలాకాలంగా దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఆధారం. రాత్రి ఎక్కితే మర్నాడు ఊరు. పాలమూరు, తాండూరు వైపు వారు షోలాపూర్ మీదుగా నడిచే హైదరాబాద్ రైళ్లు పట్టుకుంటారు. పెద్దపల్లి-నిజామాబాద్ లైను 2017లో పూర్తయ్యాక ఆర్మూరు, మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల వారికీ రైలు దగ్గరైంది. మిగతావారికి బస్సులే దిక్కు. బస్సుకు ఒక సౌకర్యముంది. మనిషి రాకపోయినా ఊరి నుంచి మూట వస్తుంది.

ఒకరి సంచి.. అంతస్తుకు పంపకం

చాళ్‌లో ఖోలీలు చిన్నవి. ముందు పొడుగాటి వరండా, దాన్ని ఆనుకుని వరుసగా తలుపులు. ఆ వరండాలోనే కాపురం సగం సాగుతుంది. ఎవరు ఊరికి పోతున్నారో వారం ముందే అందరికీ తెలుస్తుంది. ఒకరు రెండు కిలోల కారం చెబుతారు. మరొకరు పసుపు కొమ్ములు. పక్క ఖోలీ పెద్దమ్మ సత్తుపిండికి మక్కలు అడుగుతుంది. సంక్రాంతి దగ్గరపడితే సకినాలకు కొత్త బియ్యం, నువ్వులు. దసరాకు వచ్చేవాళ్లు బతుకమ్మకు గునుగు, తంగేడు పూలు తేవాలి. డబ్బులు తర్వాత ఇస్తారు. లేదా మరోసారి తాము పోయినప్పుడు సరిచేస్తారు.

అమ్మానాన్నలు పోయి, ఊళ్లో ఇల్లు పాడుబడినవారికి ఈ ఏర్పాటే పెద్ద ఆసరా. వారికి ఊరికి పోయే పనుండదు. పక్కింటి సంచితోనే వారికి ఊరి రుచి అందుతుంది.

2020లో కరోనా లాక్‌డౌన్‌తో ఈ గొలుసు ఒక్కసారిగా తెగింది. మార్చి చివర రైళ్లు, బస్సులు నిలిచిపోయాయి. సరిగ్గా కారం, తొక్కు సిద్ధమయ్యే నెలలవి. ఊరికి పోయినవారు అక్కడ, ఉన్నవారు ఇక్కడ చిక్కుకున్నారు. తినడానికి నగరంలో సరుకుంది. వాటాలు వేసుకోవడానికి ఊరి సంచి లేదు.

చాళ్ పోతే వరండా పోతుంది

ఇప్పుడు మరో మార్పు ముందుంది. కామాఠిపురలోని శిథిల భవనాలను తొలగించి, పేట మొత్తాన్ని కొత్తగా కట్టే పనిని మహారాష్ట్ర ప్రభుత్వం మ్హాడాకు అప్పగించింది. వర్లీలో 1920లలో కట్టిన బీడీడీ చాళ్లలో ఆ పని ఇప్పటికే కొంత జరిగింది. 160 చదరపు అడుగుల ఖోలీల్లో ఉన్నవారికి 500 చదరపు అడుగుల ఫ్లాట్లు కడుతున్నారు. 2025 ఆగస్టులో తొలి విడతగా 556 కుటుంబాలకు తాళాలు ఇచ్చారు.

సొంత మరుగుదొడ్డి, లిఫ్టు, కురవని కప్పు ఎవరికి చేదు? తరాలుగా ఇరుకులో బతికినవారికి అది న్యాయంగా రావాల్సిందే. అయితే కట్టడం పూర్తయ్యేదాకా కుటుంబాలు తలో దిక్కూ అద్దెకు పోవాలి. తిరిగి వచ్చాక ఏ అంతస్తులో ఎవరుంటారో తెలియదు. తలుపులు మూసుకునే ఫ్లాట్లలో, పై అంతస్తు వారు ఊరికి పోతున్నట్టు కింది వారికి తెలిసేదెట్లా? ఇప్పటికే పిల్లలు కొందరు కల్యాణ్, డోంబివ్లీ, నవీ ముంబయి చేరారు. వారికి ఫోన్లో నొక్కితే తొక్కు సీసా గుమ్మంలోకి వస్తుంది. ఆ సీసాలో ఊరి కారమే ఉండొచ్చు. కానీ అందులో పెద్దమ్మకు వాటా ఉండదు.

కొత్త ఇళ్ల గురించి సంఘాల్లో చర్చ జరిగినప్పుడల్లా అడుగుల లెక్క, అద్దె లెక్కే వినిపిస్తుంది. పాత ఇరుగుపొరుగును ఒకే అంతస్తులో, కనీసం ఒకే భవనంలో ఉంచమని అడగడమూ అంతే అవసరం. ఖర్చు లేని కోరిక అది. ముందే అడిగితే తప్ప దక్కదు.

సంచి కట్టే ముందు...

* రైల్లో స్లీపర్‌కు, ఏసీ త్రీటయర్‌కు మనిషికి 40 కిలోలు, సెకండ్ క్లాసుకు 35 కిలోల సామాను ఉచితం. అంతకు మించితే ముందే బుక్ చేయించుకోవాలి.
* పసుపు పొడి కంటే కొమ్ములు కొనడం మేలు. ముంబయి వచ్చాక గిర్నీలో పట్టించుకుంటే కల్తీ భయం ఉండదు.
* మిరపకాయలు గలగలలాడేదాకా ఎండాకే పట్టించాలి. పట్టించిన కారం వేడి చల్లారకముందే డబ్బాలో మూయకూడదు.
* తొక్కు మీద నూనె తేలి ఉండాలి. ఇంటికి చేరగానే పొడి జాడీలోకి మార్చి, తడి గరిటె తగలకుండా చూసుకోవాలి.
* బియ్యం, జొన్నలు బాగా ఆరబెట్టి తేవాలి. డబ్బాలో ఎండిన వేపాకు వేస్తే పురుగు తగ్గుతుంది.
* పక్కవారికి తెచ్చే వాటా మూటకు పేరు రాసిపెట్టుకుంటే పంపకంలో తకరారు ఉండదు.