అక్షరాలను ఊగించిన డెన్వర్

క్యాసెట్ పెట్టగానే సినిమా మొదలయ్యేది కాదు. ముందు నల్లటి తెర, సింథసైజర్ మోత, చీకట్లోంచి మెలికలు తిరుగుతూ వచ్చి నిలబడే కంపెనీ పేరు. 1980ల్లో వీసీఆర్ అద్దెకు తెచ్చుకుని ఇంగ్లీషు సినిమాలు చూసిన ఇళ్లలో కొందరు పిల్లలు ఆ కాసేపూ కళ్లు మూసుకునేవారు. అలాంటి మెలికల పుట్టిల్లు హాలీవుడ్ కాదు. రాకీ పర్వతాల పక్కన, సముద్రమట్టానికి మైలు ఎత్తున ఉన్న డెన్వర్.

అక్కడి కంప్యూటర్ ఇమేజ్ కార్పొరేషన్‌లో లీ హారిసన్ తయారుచేసిన యంత్రం స్కానిమేట్. 1972లో దానికి ఎమ్మీ అవార్డు వచ్చింది. ఇది మనమనుకునే కంప్యూటర్ కాదు, అనలాగ్ యంత్రం. నలుపు తెలుపు బొమ్మను ఫిల్మ్ మీద దించి, వెనక లైటు పెట్టి కెమెరాకు చూపించేవారు. ఆ బొమ్మ లోపలి తెర మీదకు వచ్చేటప్పుడు దాన్ని గీసే ఎలక్ట్రాన్ పుంజాన్ని వోల్టేజీతో అటూ ఇటూ లాగేవారు. పుంజం ఊగితే అక్షరమూ ఊగేది. ఆ తెరను ఇంకో కెమెరా పట్టుకుంటే, బూడిద ఛాయలకు ఆనక రంగులు అద్దేవారు.

ఫిల్మ్ యానిమేషన్‌లో సెకనుకు 24 ఫ్రేములు, ఒక్కొక్కటిగా తీయాలి. ఇక్కడ నాబ్ తిప్పితే ఫలితం అప్పుడే కళ్లముందు. కాకపోతే యంత్రానికి జ్ఞాపకం లేదు. కదలికను నడిపే ప్యాచ్ తీగలు పీకేస్తే అది పోయినట్టే. నచ్చిన క్షణాన టేపుకెక్కిస్తేనే దక్కేది.

1977లో మిషిగన్‌కు చెందిన మాగ్నెటిక్ వీడియో సంస్థ ఫాక్స్ స్టూడియో నుంచి 50 సినిమాల హక్కులు తీసుకుని క్యాసెట్లు అమ్మింది. ఆ దారిన పుట్టుకొచ్చిన క్యాసెట్ కంపెనీలకు థియేటర్ లేదు, పోస్టర్ గోడ లేదు. తెర మీద మెరిసే పేరే బోర్డు. స్కానిమేట్ తెచ్చిన ఒరవడి వాటికి అచ్చంగా సరిపోయింది. అన్నీ అందంగా ఉండేవని చెప్పలేం. చాలావాటిలో మెరుపు మోతాదు మించేది.

మొత్తం తయారైనవి ఎనిమిది స్కానిమేట్ యంత్రాలే. హాలీవుడ్‌లో ఇమేజ్ వెస్ట్, న్యూయార్క్‌లో డాల్ఫిన్ ప్రొడక్షన్స్ వాటిలో కొన్నింటిని నడిపాయి. డిజిటల్ పరికరాలు రాగానే ఈ యంత్రాలు మూలకు చేరాయి. ఇమేజ్ వెస్ట్ ఇంజినీరు డేవ్ సీగ్ రెండింటిని కాపాడారు.

మీ అటక మీద పాత క్యాసెట్లుంటే, డిజిటల్ చేయించేటప్పుడు మొదటి అర నిమిషం కత్తిరించొద్దని షాపువాడికి గట్టిగా చెప్పండి.