దీవికి అటొక కోట, ఇటొక కోట

శ్రీహరికోటను రాకెట్ల దీవిగానే ఎరుగుదుం. బంగాళాఖాతానికీ పులికాట్ సరస్సుకీ నడుమ పొడుగ్గా సాగిన ఈ ఇసుక నేలకు నాలుగు వందల ఏళ్ల కిందట రెండు కొసల దగ్గరా రెండు విదేశీ కోటలు కాపలా కాసేవి. దక్షిణాన పులికాట్ ఊళ్లో డచ్చివారి గెల్డ్రియా. ఉత్తరాన, నేటి వాకాడు మండలం దుగరాజపట్నంలో ఆంగ్లేయుల ఆర్మగాన్. సరస్సు ఒకటే, చరిత్ర కూడా ఒకటే. ఆంధ్ర, తమిళనాడు రాష్ట్రాల సరిహద్దు దాన్ని రెండు ముక్కలు చేసి, మన వంతు ముక్కను మనమే మరిచిపోయేలా చేసింది.

ఆ కోటలు కాపాడింది రాజ్యాలను కాదు, బట్టల మూటలను. జావా, సుమత్రా, మలుకు దీవుల్లో మిరియాలు, జాజికాయ, లవంగాలు కొనాలంటే అక్కడివాళ్లు వెండికన్నా మన తీరపు నూలు బట్టలనే ఎక్కువ కోరేవారు. ఇసుక నేలల్లో దొరికే చిరివేరుతో ఎర్రరంగు అద్దిన బట్టకు ఎంతో గిరాకీ. మన సాలెల మగ్గాల మీద నేసిన ఆ సరుకు కోసమే ఐరోపావాళ్లు ఒకరినొకరు తరుముకున్నారు.

డచ్చివారు 1610లో విజయనగర ప్రభువు రెండో వెంకటపతి రాయలతో ఒప్పందం చేసుకుని పులికాట్‌లో స్థిరపడ్డారు. 1612లో నేటి చెన్నైలోని శాంథోమ్ నుంచి పోర్చుగీసులు దాడి చేసి వారి వర్తకశాలను నాశనం చేశారు. ఆ దెబ్బతో 1613కల్లా కోట లేచింది. దాని లోపల మందుగుండు తయారైంది. అక్కడి నుంచే ఈ తీరపు పేదలను బానిసలుగా ఓడలెక్కించి బటావియాకు (నేటి జకార్తాకు) తరలించారు. గెల్డ్రియా గురించి చెప్పుకుంటూ ఈ సంగతి దాటవేయడం అన్యాయం.

ఆంగ్లేయులు 1621లో డచ్చివారి పక్కనే పులికాట్‌లో చేరి, కోట ఖర్చులో వాటా కూడా భరించారు. పొసగలేదు. రెండేళ్లలోనే వెళ్లిపోయారు. 1626లో దుగరాజపట్నంలో అడుగుపెట్టారు. అందుకు సాయం చేసిన ఆర్ముగం మొదలియార్ పేరే ఆర్మగాన్ అయిందని చెబుతారు. మచిలీపట్నంలో గోల్కొండ అధికారులతో గొడవలు ముదరడంతో 1628లో అక్కడి వర్తకులూ ఇక్కడికే వచ్చారు. అప్పటి బలగం 12 ఫిరంగులు, వర్తకులూ సైనికులూ కలిపి 23 మంది. కోరమాండల్ తీరంలో ఆంగ్లేయులు కోట కట్టుకున్న తొలి చోటు ఇదే.

నా దృష్టిలో ఆర్మగాన్‌కు అసలైన రక్షణ ఇచ్చింది ఆ ఫిరంగులు కాదు, సముద్రమే. తీరానికి దూరంగా నీటి అడుగున ఉన్న పొడవాటి ఇసుక మేట అలల జోరును విరిచేస్తుంది. దాని చాటున ఓడలు నిలకడగా లంగరు వేసుకోవచ్చు. అయినా అప్పట్లో ఈ తీరం వెంట ఓడ నుంచి ఒడ్డుకు సరుకు చేరాలంటే మసూలా పడవలే దిక్కు. మేకు లేకుండా కొబ్బరి తాళ్లతో పలకలు కుట్టిన ఆ పడవలను నురగల్లోంచి దాటించాల్సింది మన పల్లెకారులే. వాళ్లు తెడ్డు పట్టకపోతే కోటలో తిండిగింజ కూడా ఉండేది కాదు. కోటల చరిత్రలో వీళ్ల పేర్లు ఎక్కడా లేకపోవడం నాకు బాధగా ఉంటుంది.

లంగరుకు చోటు మంచిదే కానీ, సరుకు దొరకలేదు. కావలసిన రకాల బట్టలు ఇక్కడ కుదరలేదు, స్థానిక నాయకుడితో తగాదాలు ఆగలేదు, దక్షిణాన డచ్చివారి పోటీ సరేసరి. ఆర్మగాన్‌లో ఉన్న ఫ్రాన్సిస్ డే దక్షిణంగా వెతుకుతూ వెళ్లి, 1639లో తెలుగు నాయకుడు దామెర్ల వెంకటాద్రి నుంచి మద్రాసపట్నంలో కోటకు అనుమతి సంపాదించాడు. 1640 ఫిబ్రవరిలో డే, మరో ఆంగ్ల అధికారి ఆండ్రూ కోగన్ అక్కడికి చేరారు. దుగరాజపట్నం ఖాళీ అయింది, సెయింట్ జార్జి కోట మొదలైంది. మద్రాసు పుట్టుక కథను ఈ ఊరి నుంచే చెప్పాలి.

గెల్డ్రియా కూడా నిలవలేదు. 1690లో డచ్చివారు ముఖ్యస్థానాన్ని నాగపట్నానికి మార్చారు. చేతులు మారి మారి 1825లో పులికాట్ ఆంగ్లేయుల వశమైంది. ఇప్పుడు ముళ్లకంపల మధ్య మట్టిదిబ్బే మిగిలింది. ద్వారం మీద అస్థిపంజరాలు చెక్కిన డచ్చి శ్మశానాన్ని మాత్రం పురావస్తు శాఖ కాపాడుతోంది.

మరి దుగరాజపట్నం? 2014 పునర్విభజన చట్టంలో పెద్ద ఓడరేవు హామీతో ఆ పేరు మళ్లీ వినిపించింది. 2018 నాటికి తొలి దశ పూర్తికావాలన్నారు, కాలేదు. రేవు వచ్చినా రాకపోయినా, తవ్వకాల యంత్రాలు దిగేలోపు పురావస్తు శాఖ ఆ నేలను ఒకసారి నిదానంగా పరిశీలించాలి. పాత ఇటుక, పింగాణీ పెంకు, బావి వరస ఏది దొరికినా నమోదు చేయాలి. పల్లెకారుల నోట ఉన్న పాత పేర్లు, మేటల గుర్తులు రాసిపెట్టాలి. నేలపట్టుకు పక్షుల కోసం వచ్చే బడిపిల్లల బస్సులు దుగరాజపట్నం దాకా వచ్చేలా అక్కడ తెలుగులో ఒక పలక నిలబెట్టాలి, పడవ నడిపినవాళ్ల ప్రస్తావనతో సహా.